శిలాసాక్ష్యము - శిల్పిసమయము: ప్రాచీనాశ్వికుల కవచములను గూర్చి యొక విమర్శ

1

కావ్యములనుండి చరిత్రను సేకరించువారు సామాన్యముగ నొక మాట చెప్పుచుందురు. కవి నిరంకుశుడు గావున అతని వర్ణనను ఉన్నదున్నట్లు నమ్మరాదనియు, శిల్పి కన్నదానినే రాతిపై నిలుపును గావున కావ్యమునకును శిల్పమునకును వైరుధ్యము కలిగినచోట శిల్పమే ప్రమాణమనియు వారి యభిప్రాయము. మేమును చాల సంవత్సరములు పరిశోధన పద్ధతులను బోధించు తరగతిలో ఈ మాటనే చెప్పుచు వచ్చితిమి. నిదర్శనముగ రోము నగరమునందలి ట్రాజన్ స్తంభముపై చెక్కబడిన సర్మేషియన్ ఆశ్వికుల ఛాయాచిత్రమును చూపుచుంటిమి. అందు రౌతు మాత్రమే కాక గుఱ్ఱము గూడ మూతి మొదలు గిట్టల వఱకు చేపపొలుసులవంటి కవచములో ఇమిడియుండును. ఇదియే యొక ప్రబంధములో నున్నచో అతిశయోక్తి యని త్రోసివేయుదుము, రాతిపై నుండుటచే నమ్ముచున్నాము అని విద్యార్థులకు చెప్పుచుంటిమి.

ఒక సంవత్సరము ఆ తరగతిలో, జట్కాబండి నడుపుకొని బ్రతికిన తాతగారి యింట పెరిగిన విద్యార్థి యొకడు లేచి, "గుర్రం మోకాలు మడిచినప్పుడు ఆ పొలుసులు ఏమవుతాయండీ? కడుపు కింద జీను పట్టీ ఎక్కడ బిగిస్తారు?" అని యడిగెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి. సమాధానమునకై వెదకుచు పోగా ఆ చిత్రమును గూర్చి మేము చెప్పినదే కాక, దానిని ఉదాహరణముగ గొని మేము బోధించిన సూత్రము గూడ తప్పని తేలినది. ఆ తప్పును దిద్దుకొనుట ఈ వ్యాసమునకు మొదటి ప్రయోజనము. శిల్పమునుండి వస్తునిర్ణయము చేయుటకు నమ్మదగిన మార్గ మేదియో విచారించుట రెండవది.

ఇందు ప్రస్తావించు శిల్పములు రోము, రుమేనియా, ఇరాను దేశములలోనివి. వానిని మేము ఛాయాచిత్రములందును రేఖాచిత్రములందును మాత్రమే పరిశీలించితిమి. విషయము మనకు దూరమైనదే గాని దానివలన ఏర్పడు విమర్శసూత్రము దూరమైనది కాదు. కావ్యములను, శిల్పములను ప్రక్కప్రక్కన పెట్టుకొని పూర్వుల జీవితమును నిరూపింపబూనిన మన పరిశోధకులకు ఆ సూత్రముతో ప్రతిదినము పని కలదు.

2

ముందుగ కవచభేదములను గూర్చి కొంత చెప్పవలెను. అమరసింహుడు కవచమునకు తనుత్రము, వర్మము, దంశనము, ఉరశ్ఛదము, కంకటకము మున్నగు పర్యాయములను కూర్చినాడు. మన పలుకుబడిలో జోడు అను మాటయు కలదు. పేరులెన్ని యున్నను కవచము ఎట్లు కూర్పబడినదో అవి మనకు చెప్పవు. ఈ వ్యాసమున మనకు పని గలిగిన కూర్పులు మూడు.

మొదటిది వలయకవచము. చిన్న యినుప ఉంగరములను ఒకదానిలో నొకటి దూర్చి బట్టవలె అల్లినది. ఇది దేహముతో పాటు వంగును. రెండవది పొలుసు కవచము. చిన్న లోహపు రేకులను బట్టపైగాని తోలుపైగాని వరుసలుగ కుట్టి, ఇంటి పెంకులవలె ఒక వరుస క్రింది వరుసను కప్పునట్లు అమర్చినది. మూడవది పలకకవచము. నిడుపాటి సన్నని పలకలను వెనుక బట్ట యేమియు లేకుండ త్రాళ్లతోను తోలు వారులతోను ఒకదాని కొకటి ముడివేసి కూర్చినది. పొలుసు కవచమునకు ఆధారము దాని వెనుకనున్న బట్ట. పలకకవచమునకు ఆధారము దాని ముడులే. తయారుచేయు పనియందును, మోయు బరువునందును, ఆయుధపు దెబ్బను ఆపు శక్తియందును ఈ మూటికి భేదము కలదు.

రాతిపైకి వచ్చునప్పటికి ఈ భేదము చాలవఱకు చెరగిపోవును. వేలకొలది ఉంగరములను ఒక్కొక్కటిగ చెక్కుట శిల్పికి సాధ్యము కాదు. అతడు వరుసలుగ అర్ధచంద్రరేఖలు గీసి ఉంగరములను సూచించును. పొలుసులను చెక్కవలెనన్నను అర్ధచంద్రరేఖలే గీయును. కావున రాతిపై ఒక ఆకృతి మరల మరల కనబడినంతమాత్రమున ఇది యుంగరమనియో, ఇది పొలుసనియో తీర్పు చెప్పుట సాహసము. శిల్పి వాడినది వస్తువు ప్రతిబింబమును కాదు, వస్తువునకు గుర్తును. గుర్తును చదువుటకు ముందు ఆ శిల్పశాలలో ఏ గుర్తు దేనికి వాడబడినదో తెలిసికొనవలెను.

3

ట్రాజన్ చక్రవర్తి డేసియా దేశముపై 101-102, 105-106 సంవత్సరములలో రెండు యుద్ధములు చేసెను. ఆ విజయములను చిత్రించు స్తంభము 113 లో రోములో ప్రతిష్ఠింపబడినది. శిల్పపట్టిక స్తంభమును చుట్టలు చుట్టుకొని పైకి పోవును. గత శతాబ్దికి ముందు సికోరియస్ పండితుడు దానిని 155 దృశ్యములుగ విభజించినాడు. వానిలో 31, 37 సంఖ్యలుగల దృశ్యములందు డేసియనులకు తోడు వచ్చిన సర్మేషియన్ ఆశ్వికులు కనబడుదురు. గుఱ్ఱముల కవచము చర్మమువలె దేహమునకు అంటుకొని, కాళ్లను గూడ చుట్టి, గిట్టల దగ్గర ముగియును.

ఈ రూపమును వస్తుసత్యముగ గ్రహించుటకు మూడు అభ్యంతరములు గలవు. మొదటిది ఆ విద్యార్థి చెప్పినదే. కీలు ఉన్నచోట కవచము విడివడవలెను, లేదా వదులుగ వ్రేలాడవలెను. ఈ గుఱ్ఱములకు అట్టి యేర్పాటు లేదు. రెండవ అభ్యంతరము తవ్వకములవలన వచ్చినది. నేటి సిరియాలో యూఫ్రటీసు నదీతీరమున నున్న దురా-యూరోపస్ కోటనగరము సుమారు 256 లో సాసానీయుల ముట్టడికి లోబడి పాడుపడినది. యేల్ విశ్వవిద్యాలయమువారును ఫ్రెంచి పండితపరిషత్తువారును 1928 నుండి 1937 వఱకు అచ్చట త్రవ్వకములు జరిపిరి. కోటగోడయందలి 19వ బురుజు శిథిలములలో అశ్వకవచములు దొరకినవి. ఒకటి యినుప పొలుసులది, మఱియొకటి రాగి కలిసిన లోహపు పొలుసులది. పొలుసులు నారబట్టపై కుట్టబడినవి. కవచము గుఱ్ఱపు వీపునుండి ఇరుప్రక్కలకు వ్రేలాడును. జీను ఉండుచోట ఖాళీ విడువబడినది. తోకపై కప్పు భాగము వేఱుగ గలదు. కడుపు క్రింద కప్పు లేదు, కాళ్లకును లేదు. త్రవ్వకము జరిపినవారు దానిని సజీవమైన గుఱ్ఱముపై వేసి ఛాయాచిత్రము తీసిరి. జీను పట్టీ ఎక్కడ బిగింతురను ప్రశ్నకు ఆ చిత్రమే సమాధానము.

మూడవది గ్రంథసాక్ష్యము. క్రీ.పూ. 53 లో కార్హే యుద్ధమున పార్థియనుల కవచాశ్వములను ఎదిరించిన గాల్ దేశీయులు తమ గుఱ్ఱములు దిగి, శత్రువుల గుఱ్ఱముల క్రిందికి దూరి కడుపులలో పొడిచిరని ప్లుటార్కు క్రాసస్ చరిత్రయందు చెప్పినాడు. కడుపు కప్పబడియున్నచో ఈ వృత్తాంతమునకు అర్థము లేదు. పార్థియనులు వేఱు, సర్మేషియనులు వేఱు అనవచ్చును. కాని సర్మేషియనులలో నొక తెగయైన రాక్సలానులు 69 లో రోమక సరిహద్దుపై చేసిన దాడిని వర్ణించిన టాసిటస్, వారి నాయకులును కులీనులును ఇనుప పలకలతోగాని గట్టితోలుతోగాని చేసిన కవచములు తొడిగిరనియు, క్రిందపడినచో లేవజాలకపోయిరనియు చెప్పెనే గాని, వారి గుఱ్ఱములకు కవచము లున్నట్లు చెప్పలేదు.

అట్లయినచో స్తంభశిల్పి అబద్ధము చెక్కెనా? మే మట్లు తలపము. పాసేనియస్ అను యాత్రికుడు రెండవ శతాబ్దిలో ఏథెన్సు నగరమందలి ఆస్క్లీపియస్ దేవాలయమున సర్మేషియన్ కవచము నొకదానిని చూచి వర్ణించినాడు. గుఱ్ఱపు గిట్టలను చీల్చి రేకులుగ చేసి, గుఱ్ఱముల, ఎద్దుల నరములతో కుట్టి చేసిన దది. పాము పొలుసులకు అతడు దానిని పోల్చెను. చూచినవానికి తోచిన ఉపమానము అట్టిది. సర్మేషియనులను ఎన్నడును చూడని రోమక శిల్పి చెవికి వారు పొలుసులు గలవారని, వారి గుఱ్ఱములు గూడ పొలుసులు గలవని యొక వాక్యము చేరియుండును. అతడా వాక్యమును చెక్కెను. ఉపమానము రాతిలో రూపకమైనది. శిల్పమునకు మూలము చూచిన వస్తువు గాక విన్న వాక్యము కావచ్చునను ఈ యూహను మేము సిద్ధాంతముగ చెప్పుటలేదు. కాని ఇంతకంటె సులభముగ ఆ గుఱ్ఱముల కాళ్లను సమర్థించు మార్గము మాకు కనబడలేదు.

దురా నగరములోనే గోడపూతపై గీకబడిన కవచాశ్వికుని బొమ్మ యొకటి దొరకినది. గీసినవాడు శిల్పి కాడు. గుఱ్ఱపు పోలిక గూడ సరిగ రాలేదు. అయినను అందు పొలుసుల కవచము గుఱ్ఱముపై పరదావలె వ్రేలాడుచున్నది, కాళ్లు వట్టివిగ నున్నవి. బురుజులో దొరకిన వస్తువునకు రోమక రాజశిల్పముకంటె ఈ వంకరగీతలే దగ్గరగ నున్నవి. నేర్పునకును సాక్ష్యబలమునకును నియతసంబంధము లేదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము అరుదు.

4

ఈ సంగతి ఆ యుద్ధములకే సంబంధించిన మఱియొక కట్టడమువలన దృఢపడుచున్నది. నేటి రుమేనియాలోని ఆడమ్‌క్లిసి యొద్ద 109 లో ట్రాజన్ విజయస్మారకము నిర్మింపబడినది. దాని ఫలకములు మోటువి; మూర్తుల అంగప్రమాణము గూడ సరిగ లేదు. అందు రోమక పదాతులు వలయకవచములను, పొలుసు కవచములను ధరింతురు. కుడిచేతికి పట్టీలు పట్టీలుగ నమర్చిన బాహురక్షయు గొందఱికి గలదు. రోములోని స్తంభముపై మాత్రము పౌరసైనికు లందఱును అడ్డపట్టీల కవచములే తొడిగియుందురు, సహాయసైనికులు వేఱు కవచములలో నుందురు. ఒకే కాలము, ఒకే సైన్యము. ఇంత భేదము ఎట్లు వచ్చినది?

స్తంభశిల్పికి కావలసినది ఎవరు పౌరసైనికుడో, ఎవరు సహాయసైనికుడో, ఎవరు శత్రువో క్రిందనుండి చూచు ప్రేక్షకునకు ఒక్క చూపులో తెలియుట. అందుకై అతడు ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క వేషము కేటాయించినాడు. మన కవులు కీర్తిని తెల్లగను, చకోరమును వెన్నెల త్రాగునదిగను వర్ణించుట ఎట్టిదో ఇది యట్టిది. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు అట్టి వర్ణనలను కవిసమయములను పేర విచారించెను. శిల్పమునందును ఇట్టి కట్టుబాట్లు గలవు. వానిని శిల్పిసమయము లందుము. చకోరముల ఆహారమును కావ్యమునుండి నిర్ణయింపబూనువాడు నవ్వులపాలగును. పొలుసు గుఱ్ఱమును స్తంభమునుండి నిర్ణయించినవాడు మాత్రము చాలకాలము పండితుడుగనే చెల్లినాడు. మే మట్టివారిలో నొకరము.

ఆ పట్టీల కవచమే వేఱొక పాఠమును గూడ నేర్పినది. దాని పట్టీలు తోలుచొక్కాపై అతికింపబడినవని స్తంభమును చూచి పూర్వులు తలచిరి. ఇంగ్లండు ఉత్తరభాగమున కోర్‌బ్రిడ్జి యొద్ద 1964 లో ఒక పెట్టెలో అట్టి కవచభాగములు దొరకిన పిమ్మట, లోపలి తోలువారులు, మడతబందులు, కొక్కెములు వీనితో అది కూడుకొన్న విధము తేటపడినది. ఈ యేర్పాటులో అధికభాగము శిల్పమున కనబడదు. శిల్పి పైరూపమును చూపెను; పనిచేయు విధము దాని లోపలనే యుండిపోయెను.

5

శిల్పమున ఉన్నదానిని గూర్చి ఇంతవఱకు చెప్పితిమి. లేనిదానిని గూర్చి తీర్పు చెప్పుట ఇంకను కష్టము. రైను నదీప్రాంతమున మొదటి శతాబ్దికి చెందిన రోమక ఆశ్వికుల సమాధిశిలలు పెక్కు గలవు. వానిలో కొన్నిటియందు రౌతు పైవస్త్రము నునుపుగ నుండును. ఆ నునుపును చూచి తోలుకవచ మని పలువురు వ్రాసిరి. 1975 లో రోమక కవచములను గూర్చి బృహద్గ్రంథము వెలువరించిన రస్సెల్ రాబిన్సన్ దీనిని ఆక్షేపించెను. ఆ శిలలకు పూర్వము రంగులు వేయుదురు. ఉంగరముల అల్లికను చెక్కుటకు మారుగ రంగుతో చూపియుండవచ్చును. రంగు పోయిన తరువాత మిగిలిన నునుపును మనము తోలు అనుకొనుచున్నాము. లిపి చెరగిపోయిన తాళపత్రమును చూచి వ్రాయని పత్ర మనుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే.

ఈ వాదము సమంజసమైనదే. అయినను దానికి హద్దు కావలెను. కనబడని దెల్ల రంగుతో చూపబడి యుండవచ్చునన్నచో ఏ శిలపై ఏ కవచమునైనను ఊహింపవచ్చును. అప్పుడు శిలతో పనియే లేదు. కాబట్టి రంగుజాడలు మిగిలియుండుట, అదే శిలపై ఇతర వివరములు గూడ చెక్కక విడువబడియుండుట, అదే ప్రాంతపు త్రవ్వకములలో ఆ వస్తువు దొరకుట, వీనిలో ఒకటియైన ఉన్నప్పుడే ఈ యూహ కెక్కుడు బలము కలుగునని మా తలంపు.

6

ఇప్పుడు ఇరాను శిల్పములకు వత్తము. ఫార్సు మండలమున ఫిరూజాబాదు సమీపముననున్న కనుమలో కొండబండపై సుమారు 18 మీటర్ల పొడవున యుద్ధశిల్ప మొకటి కలదు. సాసానీయ రాజ్యస్థాపకుడైన అర్దషీరు 224 లో పార్థియన్ చక్రవర్తి యగు అర్దవానుని హోర్మొజ్దగాన్ యుద్ధమున చంపుట అందలి విషయము. మూడు జంటలు గలవు. అర్దషీరు అర్దవానుని, యువరాజు షాపూరు శత్రుమంత్రిని గుఱ్ఱములపైనుండి కూల్చుచుందురు. మూడవ జంటలో సాసానీయ యువకుడు శత్రువును మెడపట్టి ఒడిసిపట్టుకొనును. గుఱ్ఱములపై చిహ్నములు గల కప్పులు వేయబడియున్నవి.

ఆ కప్పులు బట్టలా, కవచములా? చిహ్నములు గలవు గావున బట్ట యనుట యొక పక్షము. బట్ట క్రింద లోహకవచ ముండవచ్చుననుట మఱియొక పక్షము. రెండవ పక్షమునకు ప్లుటార్కునుండి ఊత దొరకును. కార్హే యుద్ధమున పార్థియన్ సేనాని సురేనా తన యోధుల కవచములను వస్త్రములతోను తోళ్లతోను కప్పియుంచి, అదను వచ్చినప్పుడు ఒక్కసారి తొలగించి శత్రువులకు భీతి కలిగించెనట. కవచముపై కప్పు వేయు ఆచారము ఉండవచ్చునని దీనివలన తెలియును. ఈ శిల్పములో కప్పు క్రింద కవచము ఉన్నదని మాత్రము తెలియదు. సంభవమును సిద్ధముగ మార్చుట మన పరిశోధనవ్యాసములలో అతిసులభముగ జరుగు దోషము. ఒక పుటలో ఉండవచ్చును అని మొదలైనది రెండు పుటలు దాటునప్పటికి ఉండెను అగును.

విజేతలు వలయకవచములు తొడిగిరనియు, ఓడినవారు పాతపద్ధతి పలకకవచములు తొడిగిరనియు, క్రొత్త కవచమే విజయకారణములలో నొకటి యనియు వ్యాఖ్యానించినవారు గలరు. ఇరువాగుల వేషమునకు భేదము కలదని ఒప్పుకొందము. అయినను ట్రాజన్ స్తంభమును చూచివచ్చినవారు ఇచ్చట ఒక క్షణము ఆగవలెను. ఎవరు మనవారో, ఎవరు పరులో ఒక్క చూపులో తెలియుటకై శిల్పి వేషమును విభజించునని అచ్చట చూచితిమి. ఈ శిల్పము విజేత చెక్కించినది. చిహ్నములను గుఱ్ఱపు కప్పులమీద మరల మరల చెక్కిన శిల్పికి ప్రధానమైనది ఎవరెవరను విషయము. ఈ రెండు కవచములును త్రవ్వకములలో ఆయా పక్షములకు చెందినవిగ వేఱువేఱుగ దొరకినప్పుడు ఆ వ్యాఖ్య నిలుచును. అంతవఱకు అది శిల్పమునకు వ్యాఖ్య గాని యుద్ధమునకు వ్యాఖ్య కాదు.

7

ఇరాను పశ్చిమభాగమున కెర్మాన్‌షా యొద్దనున్న తాకె బొస్తాన్ గుహాశిల్పము మఱియొక విధమైనది. పెద్ద గుహ వెనుకగోడపై రెండు అంతస్తులు గలవు. పైన రాజు దేవతలనుండి అధికారమును స్వీకరించును. క్రింద కవచధారియైన ఆశ్వికుడు కలడు. మూర్తి గోడనుండి చాల ముందునకు పొడుచుకొనివచ్చి, చుట్టును చెక్కిన విగ్రహమువలె నుండును. కొంత శిథిలమైనను ముఖ్యాంశములు స్పష్టముగ నున్నవి. శిరస్త్రాణమునుండి వ్రేలాడు ఉంగరముల జాలిక ముఖమును కప్పి కన్నులను మాత్రము విడుచును. దేహమున వలయకవచము, భుజముపై బల్లెము, ఎడమచేత గుండ్రని డాలు. గుఱ్ఱమునకు తల, మెడ, ఱొమ్ము మాత్రమే కవచముచే కప్పబడియున్నవి, వెనుకసగము వట్టిది.

ఈ సగము కవచమే మమ్ము మిక్కిలి యాకర్షించినది. అలంకారమునకో గొప్పకో చెక్కు శిల్పి గుఱ్ఱమును పూర్తిగ కప్పియుండును. సగముననే ఆపుటకు శిల్పమర్యాదలో కారణము కనబడదు. యుద్ధమర్యాదలో మాత్రము కనబడుచున్నది. ఎదుటికి దూకు గుఱ్ఱమునకు దెబ్బ ముందునుండి వచ్చును. వెనుకభాగమును విడిచినచో బరువు తగ్గును. శిల్పశోభకు తోడ్పడని, వాడుకకు తోడ్పడు వివరము శిల్పమున కనబడినప్పుడు అది చూచి చెక్కినదగుట మిక్కిలి సంభావ్యము. కన్నులు మాత్రమే కనబడు ముసుగు విషయములోను గ్రంథసాక్ష్యము అనుకూలముగ నున్నది. 363 నాటి పారసీక దండయాత్రలో స్వయముగ పాల్గొనిన అమ్మియానస్ పారసీకుల ముఖములు కన్నులకును ముక్కునకును చిన్న రంధ్రములు తప్ప పూర్తిగ లోహముచే కప్పబడియుండెనని వ్రాసినాడు. అతడు చెప్పినది లోహపు ముఖరక్ష, ఇచ్చటిది జాలిక. రెండును ఒకటి కావు. ముఖమును కప్పుకొను ఆచారము మాత్రము రెండిటను ఒకటే.

ఈ శిల్పశాల విశ్వసనీయతను కొలుచుటకు ఇంకొక సాధనము గలదు. ఆ గుహలోని మూర్తుల వస్త్రములపై నేతపనిలోని బొమ్మలు సూక్ష్మముగ చెక్కబడినవి. వలయములలో నిమిడిన, కుక్కతలయు పక్షితోకయు గల సేన్మూర్వు బొమ్మ వానిలో నొకటి. అట్టి బొమ్మలే గల పట్టువస్త్రములు నేటికిని కొన్ని నిలిచియున్నవి. చూచి పోల్చదగిన విషయములో శిల్పి శ్రద్ధ గలవాడని తేలినప్పుడు, పోల్చుటకు వీలులేని విషయములో గూడ అతని మాటకు కొంత విలువ నీయవచ్చును. వస్త్రముల యెడ సత్యవాదియైనవాడు కవచముల యెడ తప్పక సత్యవాది యని కాదు. అతని యలవాటు తెలియుచున్నదని మాత్రమే.

ఇచ్చట పరిశోధకులు తరచుగ పడు గోతి యొకటి కలదు. ఈ గుహ 590 నుండి 628 వఱకు ఏలిన రెండవ ఖుస్రో కాలపుదని హెర్జ్‌ఫెల్డ్ పండితుడు నిర్ణయించెను. అధికసంఖ్యాకులు దానినే యంగీకరించిరి. 459 నుండి 484 వఱకు ఏలిన పేరోజు కాలపుదని 1937 లో ఎర్డ్‌మాన్ వాదించెను. నూఱేండ్లకు మించిన యంతర మిది. ఇట్టి చోట, కవచము ఏడవ శతాబ్దిదివలె నున్నది గావున శిల్పము ఖుస్రోదని యొకడు వ్రాయును. శిల్పము ఖుస్రోది గావున ఇట్టి కవచము ఏడవ శతాబ్దిదని మఱియొకడు వ్రాయును. ఒకరి నొకరు పేర్కొనుటతో వాదము దృఢముగ కనబడును. మన తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయ మందురు. కవికాలమును భాషనుబట్టియు, భాషకాలమును కవినిబట్టియు నిర్ణయించు అలవాటు మన సాహిత్యచరిత్రలో ఎంత పెరిగినదో యెఱిగినవారికి దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు.

8

పై విచారమువలన తేలినది ఇది. శిల్పసాక్ష్యమును స్వీకరించుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. శిల్పి ఆ వస్తువును చూచెనా, వినెనా? ఎవరికొఱకు, ఏమి తెలియజేయుటకు చెక్కెను? రాతిపైనుండి కాలక్రమమున పోయిన దేది? ఆ వస్తువు ఆ విధముగ పనిచేయగలదా, త్రవ్వకములలో దానికి తోడు దొరకినదా? ట్రాజన్ స్తంభము ఈ ప్రశ్నలకు నిలువలేదు. ఫిరూజాబాదు సగము నిలిచినది. తాకె బొస్తాన్ కాలనిర్ణయమొకటి తప్ప చాలవఱకు నిలిచినది. శిల్పములెల్ల ఒకే విలువ గల సాక్షులు కావు. ఒకే శిల్పములో అన్ని యంశములును సమానముగ నమ్మదగినవి కావు. పొలుసు గుఱ్ఱమును త్రోసివేసినను సర్మేషియనులకు పొలుసు కవచము లున్నవను నంశము మిగులును. దానిని టాసిటస్, పాసేనియస్ సాక్ష్యములు బలపఱచుచున్నవి.

మన శిల్పములకు ఈ ప్రశ్నలను వేసిచూతము. అమరావతి, నాగార్జునకొండ ఫలకములలోని ఆశ్వికులు ప్రాయికముగ తలపాగాలతోను ఆభరణములతోను కనబడుదురు, కవచములతో కాదు. దీనివలన ఆ కాలమున మనవారికి అశ్వకవచములు లేవని చెప్పవచ్చునా? అర్థశాస్త్రమున ఆయుధాగారాధికారమున లోహజాలిక మొదలైన కవచముల పేరులు గలవు. బౌద్ధస్తూపమున బుద్ధుని కథను చెక్కు శిల్పికి రాజపరివారపు వైభవము కావలెను గాని యుద్ధసన్నాహము కాదు. నాగార్జునకొండ స్తంభముపై విదేశీయ సైనికుడని పండితులు గుర్తించిన మూర్తి మాత్రము కంచుకముతోను, కాళ్లను కప్పు వస్త్రముతోను నిండుగ కనబడును. వేషము అచ్చటను జాతికి గుర్తుగ వాడబడినది. కావున ఈ ఫలకముల మౌనము లేమికి ప్రమాణము కాదు, ఉనికికి అసలే కాదు.

కావ్యమునందును ఇదియే వరుస. పక్కెర యను మాటకు నిఘంటువులు అశ్వకవచమనియు జీను అనియు గూడ అర్థము చెప్పుచున్నవి. ఒక కావ్యమున పక్కెర గట్టిన గుఱ్ఱము కనబడగనే ఆ రాజ్యమున కవచాశ్వదళ ముండెనని వ్రాయువాడు, స్తంభమును చూపి మేము చేసిన తప్పునే చేయుచున్నాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949 లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర కావ్యములనుండి జనజీవితమును వెలికి తీయుటకు మనకు మార్గము చూపినది. ఆ మార్గమున నడచు వారమెల్లరము కవి యెడ చూపు జాగ్రత్తను శిల్పి యెడను చూపవలెను. కవి యెడ చూపు గౌరవమును గూడ చూపవలెను. సమయమును పాటించిన కవిని అబద్ధీకుడనము. శిల్పిని మాత్రము ఏల అనవలెను? అతడు మనకొఱకు కవచముల పట్టిక వ్రాయలేదు. తన కాలపువారికి తెలియవలసినది వారికి తెలియునట్లు చెప్పినాడు.

ఆ తరగతిలో ఇప్పుడును మేము ట్రాజన్ స్తంభపు చిత్రమును చూపుచునే యున్నాము. దాని ప్రక్కన దురా గుఱ్ఱపు ఛాయాచిత్రమును గూడ పెట్టి, విద్యార్థులు తామే ప్రశ్నలు వేయు వఱకు ఊరకుందుము.